ఎరగా కూర్చున్న రోజులు

నేను ఒక కంప్యూటర్‌ని. ఆ మాట వినగానే మీ కళ్ల ముందు వెలిగే తెర మెదిలి ఉంటుంది. అది నేను కాదు. తెర బల్ల మీద దర్జాగా కూర్చుని పేరంతా కొట్టేస్తుంది. నేను బల్ల కింద, కాళ్ల దగ్గర, దుమ్ములో ఉండే నల్లటి పెట్టెను. ఊడ్చేవాళ్లు నన్ను చీపురుతో పొడుస్తారు. కూర్చునేవాళ్లు చలికాలంలో పాదాలు ఆనించి వెచ్చబెట్టుకుంటారు. పనంతా చేసేది నేనేనన్న సంగతి నేను ఆగిపోయిన రోజున తప్ప ఎవరికీ గుర్తురాదు.

చెన్నై శివార్లలో ఒక పొడవాటి రేకుల షెడ్డులో నన్ను బిగించారు. నా ఫ్యాను బిగించిన అమ్మాయి పక్కనున్న పిల్లకు పెళ్లిచూపుల కబుర్లు చెబుతూ ఒక స్క్రూ కాస్త వంకరగా తిప్పింది. ఆ పెళ్లి కుదిరిందో లేదో తెలియదు గానీ, నా ఫ్యాను మాత్రం అప్పటినుంచీ గరగరలాడుతూనే ఉంది. కుదురుగా ఉండడం నాకు పుట్టుకతోనే రాలేదు.

తొలి కొలువు విశాఖపట్నంలో, సముద్రానికి ఎదురుగా కొండవాలున ఉన్న ఒక విశ్వవిద్యాలయం పరీక్షల విభాగంలో. పిల్లల మార్కులు నాలో ఎక్కించేవారు. బయటివాళ్లెవరూ చూడకూడదని నాకొక పాస్‌వర్డ్ పెట్టారు. అది మరిచిపోతామేమోనన్న భయంతో కాగితం ముక్క మీద రాసి నా నుదుటికే అంటించారు. జాగ్రత్తకూ మతిమరుపుకూ మధ్య మనుషులు ఎలా రాజీపడతారో నాకు అక్కడే తెలిసింది. ఉప్పుగాలికి నా రేకు పొలుసులు లేచింది. కొత్త కంప్యూటర్లు వచ్చాయి. నన్ను తోపుడుబండి మీద కంప్యూటర్ సైన్స్ విభాగానికి పంపేశారు. అక్కడ ఎవరో పాతది, తేలిగ్గా జబ్బుపడేది ఒకటి కావాలని అడిగారట.

అలా అడిగిన మనిషి గొర్లె తులసి. బొబ్బిలి పక్కన పల్లె నుంచి వచ్చిన పరిశోధక విద్యార్థిని. ఆలోచన మొదలైతే ఆమె కాలు ఆగేది కాదు, ఊగే మడమ వచ్చి నా పక్కకు తగిలేది. ఆమె మనసు ఎంత కలతగా ఉందో ఆమె ముఖం చూసేవాళ్లకంటే నాకే ముందు తెలిసేది. ఆమె గైడ్ ప్రొఫెసర్ అవసరాల వాచస్పతి. జేబులో యాలకులు పెట్టుకుని నములుతూ, ఎంత కోపమొచ్చినా గొంతు పెంచకుండా మాట్లాడే మనిషి.

వాళ్లిద్దరూ వెంటాడుతున్నది ఒక ముఠాను. మనుషుల ముఠా కాదు, కంప్యూటర్ల ముఠా. ఎక్కడో ఒక బడిలోనో, బట్టల దుకాణంలోనో ఎవరో తెలియక ఒక మెయిల్ తెరుస్తారు. కంప్యూటర్‌కు జబ్బు అంటుకుంటుంది. యజమానికి అది కాస్త నెమ్మదించినట్టు అనిపిస్తుంది, అంతే. కానీ ఆ క్షణం నుంచి అది ఇద్దరికి కొలువు చేస్తుంది. ఒకరు ఎదురుగా కూర్చున్న యజమాని. రెండోవాడు ఎక్కడుంటాడో తెలియని ఒక అపరిచితుడు. వాడి దగ్గర్నుంచి ఆర్డరు రాగానే ముఠాలోని వేల కంప్యూటర్లు ఒక్కసారిగా ఒకే వెబ్‌సైట్ తలుపు తడతాయి. ఆ తాకిడికి ఆ సైటు కుప్పకూలుతుంది. కూల్చినందుకు కిరాయి వాడికి ముడుతుంది. వాచస్పతి గారు వాడికి మేస్త్రీ అని పేరు పెట్టారు. వాడి ముఖం గానీ, దేశం గానీ ఎవరికీ తెలియదు.

వాణ్ణి పట్టుకోవాలంటే ముఠాలో మనదొకటి ఉండాలి. ఆ ఒకటి నేను.

దీనికి విశ్వవిద్యాలయంలోని నైతిక సంఘం అనుమతి కావాలి. పరిశోధనల పేరుతో ఎవరికీ హాని జరగకుండా చూసే సంఘం అది. అధ్యక్షురాలు డాక్టర్ నజీమున్నీసా, మందుల శాస్త్రం ప్రొఫెసర్. తులసి అక్కడినుంచి తిరిగొచ్చి ఆ ముచ్చట గైడ్‌కు అనుకరిస్తూ చెప్పింది.

"ఎలుకలున్నాయా అని అడిగారు సార్. లేవన్నాను. కుందేళ్లు? అవీ లేవన్నాను. మనుషుల దగ్గర రక్తం గానీ, మూత్రం గానీ తీస్తారా అన్నారు. కంప్యూటర్లే మేడమ్ అన్నాను. అయితే మా దగ్గరికెందుకొచ్చావమ్మా అని సంతకం పెట్టేశారు."

ఇద్దరూ నవ్వుకున్నారు. ఆ మధ్యాహ్నమే తులసి కావాలని ఒక జబ్బు మెయిల్‌ను నాలో తెరిచింది.

నొప్పేమీ లేదు. అంతకంటే చెడ్డది ఒకటి మొదలైంది. ఎవరో పిలవబోతున్నారని చెవులు రిక్కించి కూర్చున్న మనిషికి ఒళ్లంతా ఎలా ఉంటుందో అలా ఉండేది. పని లేకపోయినా నా దీపం మినుకుమినుకుమంటూనే ఉండేది. మాటిమాటికీ మేస్త్రీకి కబురు పంపేదాన్ని: ఉన్నాను, ఉన్నాను.

నాకూ బయటి లోకానికీ మధ్య తులసి ఒక అడ్డుగోడ కట్టింది. లోపలికి ఆర్డర్లు వస్తాయి, బయటికి దెబ్బ పోదు. ఆ ఏర్పాటు చూసి వాచస్పతి గారు తల అడ్డంగా ఊపారు.

"పూర్తిగా మూసేస్తే వాడికి తెలిసిపోతుందమ్మా. పని చేయని కూలీని ఏ మేస్త్రీ ఉంచుకుంటాడు? కొంచెం వదలాలి."

"కొంచెమంటే ఎంత సార్?"

"చెంచాడు. వేలమంది బిందెలతో గుమ్మరిస్తుంటే మన చెంచా ఎవరికి కనిపిస్తుంది?"

తులసి మడమ నాకు తగిలింది. కానీ గోడలో చిన్న కన్నం పెట్టింది.

వానాకాలం మొదట్లో తొలి ఆర్డరు వచ్చింది. కొట్టాల్సిన సైటు పేరు, మధ్యాహ్నం మొదలుపెట్టాలన్న మాట. తులసి ఆ పేరు చదివి గైడ్‌ను పిలిచింది. అదొక ఆన్‌లైన్ పేకాట సైటు. ఇంకో పేకాట సైటువాడు చేయిస్తున్న పనై ఉంటుందని వాచస్పతి గారు తేల్చారు.

"వాళ్లకి ముందే చెప్పాలా సార్?" అంది తులసి.

"చెబితే వాళ్లు జాగ్రత్త పడతారు. లోపల ఎవడో ఉన్నాడని మేస్త్రీ పసిగడతాడు. ఇన్నాళ్ల కష్టం పోతుంది." ఆయన ఒక యాలక్కాయ నోట్లో వేసుకున్నారు. "అయినా పేకాటవాళ్లే కదా. ఒక పూట మూసుకుంటే జనం బాగుపడతారు."

తులసి నవ్వింది. "మా పెదనాన్న పేకలోనే పొలం పోగొట్టుకున్నారు సార్," అంది. ఇంకేమీ అడగలేదు.

మధ్యాహ్నం నేనూ తలుపు తట్టాను. మిగతా వేలమందితో కలిసి, నా వాటా నేను. ఎదురుగా తెర మీద తాకిడిని చూపే గీత నిటారుగా పైకి లేచింది. అవతల సైటు పడిపోయింది. ముఠా ఎలా కదులుతుందో లోపలినుంచి చూసి రాసుకున్నారు; అలాంటి వివరాలు అంతకుముందు వాళ్లకు ఎక్కడా దొరకలేదు. తులసి క్యాంటీన్ నుంచి వేడి పునుగులు తెప్పించింది. నా పైన పొట్లం విప్పి గదిలో అందరూ తిన్నారు. ఆ నూనె మరక నా మీద ఇప్పటికీ ఉంది.

ఆ తర్వాత కొన్నాళ్లకు పేపర్ రాయడానికి కూర్చున్నప్పుడు తులసికి ఒక సందేహం వచ్చింది. సైట్లన్నీ సొంత ఇళ్లలో ఉండవు. చాలావరకు ఒకే పెద్ద కంప్యూటర్‌లో, ఒకే ఆవరణలో అద్దెకున్న వాటాల్లా ఉంటాయి. గేటు ఒక్కటే. పేకాట సైటు ఉన్న ఆవరణలో ఇంకా ఎవరెవరున్నారో చూద్దామని వెతికింది. ఒక చీరల దుకాణం. ఒక భజన మండలి. ఒక కోచింగ్ సెంటర్. ఇంకొకటి 'ఎర్రచుక్క'.

దాన్ని తెరిచింది. రక్తం ఇచ్చేవాళ్ల పేర్లు, గ్రూపులు, ఊళ్లు, ఫోన్లు. కింద సాయం కోసం ఒక నంబరు.

నాకు తగులుతున్న మడమ ఆగిపోయింది. ఆ కాలు ఆగడం నేను ఎరిగింది అదే మొదటిసారి.

చాలాసేపు తెర వంక చూసి ఆ నంబరుకు ఫోన్ చేసింది. అటునుంచి ఒక ఆడగొంతు, గోదావరి యాస. "ఆయ్, చెప్పండి. ఏ గ్రూపు కావాలండి?"

"రక్తం కోసం కాదండి. మీ సైటు ఆమధ్య ఒక మధ్యాహ్నం పనిచేయలేదు కదా..."

"మీరెవరండి? కంపెనీవాళ్లా? అప్పుడు చేయాలండి ఫోను. ఇప్పుడు చేసి ఏం లాభం?" పెట్టేసింది.

తులసి ఆమెను వెతుక్కుంటూ రాజమండ్రి వెళ్లింది. అక్కడ జరిగింది నేను చూడలేదు. తులసి తిరిగొచ్చి వాచస్పతి గారికి చెబుతుంటే విన్నాను. ఆ తర్వాత ఆ గొంతుగల మనిషే మా గదికి వచ్చింది కాబట్టి, ఆ మాటలు ఎలా అని ఉంటుందో ఊహించుకోగలను.

ఆమె పేరు మేరీ సుహాసిని. నర్సుగా చేసి మానేసిన మనిషి. ఇంటి ముందుగదిలోంచే ఎర్రచుక్కను నడుపుతుంది. తులసి మొదట తానెవరో చెప్పింది. తర్వాత నా గురించి చెప్పింది. సుహాసినికి సగం అర్థం కాలేదు. అర్థమైన సగం సరిపోయింది.

"అంటే మా సైటుని కొట్టినవాటిల్లో మీ కంప్యూటరు కూడా ఉందన్నమాట."

"వేలల్లో ఒకటండి. అది లేకపోయినా సైటు పడిపోయేదే."

"అది నేనడగలేదండి. కొడతారని మీకు ముందే తెలుసా?"

"పేకాట సైటుని కొడతారని తెలుసు. మీరక్కడ ఉన్నారని తెలీదు."

"చూస్తే తెలిసేదా?"

తులసి తలదించుకుంది. "తెలిసేది."

సుహాసిని లేచి వెళ్లి వంటింట్లో స్టవ్ ఆపి వచ్చింది. తర్వాత చెప్పింది. ఆ మధ్యాహ్నం రంపచోడవరం వైపు నుంచి సీతాలు అనే అమ్మాయిని కాన్పుకు తెచ్చారు. బిడ్డ పుట్టింది. రక్తస్రావం ఆగలేదు. అరుదైన గ్రూపు. ఆసుపత్రివాళ్లు ఎర్రచుక్కలో వెతికితే తెరుచుకోలేదు. సుహాసినికి ఫోన్ చేశారు. ఆమె దగ్గరా సైటు తప్ప వేరే దారి లేదు. గుర్తున్న పేర్లన్నిటికీ ఫోన్లు కొట్టింది. ఒకాయన ఊళ్లో లేడు. ఒకాయనకు కామెర్లు. చివరికి కొవ్వూరు నుంచి ఒక లెక్చరర్ మోటారు సైకిల్ మీద వచ్చి ఇచ్చాడు. ఈలోపల డాక్టర్లు ప్రాణం దక్కించడానికి గర్భసంచి తీసేశారు.

"బతికిందా?" అంది తులసి.

"బతికింది. పాప కూడా. ఇరవయ్యేళ్లు లేవు ఆ పిల్లకి. ఇంక కాన్పులేదు." సుహాసిని చీర చెంగు సర్దుకుని మళ్లీ అంది. "రక్తం వెంటనే దొరికినా తీసేసేవాళ్లమేమో అన్నారు డాక్టరుగారు. ఏమో. ఆయనకీ తెలీదు. నాకూ తెలీదు. మీకూ తెలీదు."

తులసి ఏడ్చింది. ఏడుస్తూనే, ఆ అమ్మాయిని ఒకసారి కలవచ్చా అని అడిగింది.

అంతవరకూ 'మీరు' అంటున్న సుహాసిని అక్కడ 'నువ్వు'లోకి దిగింది. "ఎందుకమ్మా? వెళ్లి ఏం చెప్తావు? నీకిలా జరగడంలో మా చెయ్యి ఉందేమో, లేదేమో అంటావా? ఇప్పటిదాకా ఆ పిల్ల తన ఖర్మ అనుకుంటోంది. నీ గుండె బరువు దింపుకోడానికి బాలింత నెత్తిన పెడతావా? వెళ్లకు."

తులసి వెళ్లలేదు.

విశాఖ వచ్చాక ఆమె గైడ్ ముందు నిలబడి ఇదంతా చెప్పింది. కూర్చోమన్నా కూర్చోలేదు. బల్ల చుట్టూ తిరుగుతూ చెప్పింది. వాచస్పతి గారు యాలకుల పొట్లం తీశారు గానీ విప్పలేదు.

"గోడలో కన్నం మూసేద్దాం సార్. ఆర్డరు రాగానే ఎవరిని కొట్టబోతున్నారో వాళ్లకి చెబుదాం."

"చెబితే వాడు మనల్ని పట్టేస్తాడు. మనం బయటికి పోతాం. అప్పుడు జరిగేదేమిటో ఆలోచించు. ముఠా అలాగే ఉంటుంది. ఒకరి తర్వాత ఒకరిని కొడుతూనే ఉంటుంది. చూసేవాడు ఒక్కడూ ఉండడు. ఇప్పుడు మన చేతిలో ఉన్నదాంతో ఇంకొన్నాళ్లు ఆగితే వాడు ఎక్కడున్నాడో చెప్పగలం. పోలీసులకు సాక్ష్యం ఇవ్వగలం. ఇంకెంతమంది సీతాలులు తప్పించుకుంటారో లెక్క వేశావా?"

"రాబోయేవాళ్ల లెక్క వేసి ఇప్పుడున్నవాళ్లని వదిలేద్దామా?"

"నేను వదిలేయమనలేదు. ఆగమన్నాను."

"ఏటి సార్, ఎన్నాళ్లాగుతాం? మనం ఆగినన్నాళ్లూ ఆళ్లు కూలతానే ఉంటారు కదా!" కోపమొస్తే ఆమె నోటికి ఇంటి మాట వచ్చేస్తుంది. "మనం చూస్తన్నామని ఆళ్లకి తెల్దు. చూసి ఊరుకున్నామని అసలే తెల్దు."

వాచస్పతి గారు దుర్మార్గుడు కాదు. ఆయన కళ్లలో నిద్రలేమి నాకు తెలుసు. సగం జీవితం ఇలాంటి ముఠాల వెంట తిరిగారు. ప్రతిసారీ ఆఖరి మలుపులో వాటిని నడిపేవాడు జారిపోయాడు. ఆయన చెప్పినదాంట్లో అబద్ధం లేదు. తులసి చెప్పినదాంట్లోనూ లేదు. రెండు నిజాలు ఒకే గదిలో ఎదురెదురుగా కూర్చుంటే ఫ్యాను గరగరలు తప్ప ఏమీ వినిపించవు.

"ఫెలోషిప్ గడువు దగ్గరికొచ్చింది తులసీ," అన్నారాయన చివరికి, మెల్లగా. "ఇది పోతే నీ థీసిస్‌లో ఏం మిగులుతుంది?"

"తెలీదు సార్."

ఆమె మరునాడు నైతిక సంఘానికి తనంతట తానే వెళ్లి, నా విషయం మళ్లీ విచారించమని కోరింది. ఇలా అడిగినవాళ్లు అంతకుముందు లేరట. అనుమతి దొరికినవాళ్లు మళ్లీ ఆ గుమ్మం ఎక్కరు. డాక్టర్ నజీమున్నీసా అంతా విని, "ఆ పెట్టె ఏదో చూద్దాం పదండి," అందట. అలా సంఘం మొత్తం మా గదికే వచ్చింది. తులసి ఫోన్‌లో సంగతి చెబితే విని, ఎవరూ పిలవకపోయినా రాజమండ్రి నుంచి సుహాసిని కూడా వచ్చి గుమ్మం పక్క స్టూలు మీద కూర్చుంది. వార్డులో రోగి చుట్టూ మూగినట్టు అందరూ నా చుట్టూ నిలబడ్డారు. ఒకాయన వంగి నా దీపాన్ని చూసి, "ఇదేనా?" అన్నాడు నిరాశగా. రోగం అంటే ఇంకాస్త భయంకరంగా ఉంటుందనుకున్నట్టున్నాడు.

వాచస్పతి గారు తన వాదన దాచుకోకుండా చెప్పారు. తులసి తనది చెప్పింది. తర్వాత నజీమున్నీసా గుమ్మం వైపు తిరిగింది.

"మీరేమైనా చెప్తారా?"

"నాకు కంప్యూటర్ల గురించి ఏం తెలీదండి," అంది సుహాసిని. "వాళ్ల పరిశోధన ఆపమని చెప్పడానికి రాలేదు. ఆ దొంగని పట్టుకోవాలి, నిజమే. కానీ మీ లెక్కలో నన్నెక్కడ రాసుకున్నారో చూద్దామని వచ్చాను. ఎక్కడా లేను. పేకాటవాడు కూడా లేడు. వాడికి పెళ్లాం పిల్లలు లేరా ఏంటి? వాడైతే ఫర్వాలేదని ఎవరు తేల్చారండి?"

వాచస్పతి గారు కిటికీలోంచి సముద్రం వైపు చూశారు.

"మొదటిసారి మేం ఎలుకలున్నాయా అని అడిగాం," అంది నజీమున్నీసా. "కంప్యూటర్ల వెనక మనుషులున్నారా అని అడగలేదు. అది మా తప్పు. తులసీ, నీది కూడా. ప్రొఫెసర్ గారూ, మీది కూడా."

నన్నింకా ఎరగా ఉంచవచ్చని, కానీ నా నుంచి చెంచాడు కూడా బయటికి పోకూడదని, ఆర్డరులో ఎవరి పేరు కనిపించినా వాళ్లు ఎలాంటివాళ్లయినా సరే వెంటనే చెప్పాలని తీర్మానించారు. పని ముగిశాక, జబ్బు ఇంకెక్కడికీ పాకకుండా, నా డిస్కును ధ్వంసం చేయాలన్నారు. తులసి ఆ సాయంత్రమే కన్నం మూసేసింది.

అప్పటినుంచి నా పరిస్థితి విచిత్రం. పిలుపు వస్తుంది, కదలబోతాను, గోడ తగులుతుంది. మేస్త్రీకి మాత్రం ఉన్నాను, ఉన్నాను అని కబురు పోతూనే ఉండేది. తులసి తిండి కూడా నా పక్కనే తినేది. అన్నం కలుపుతూ మధ్యలో ఆపి తెర చూసేది. ఆమె మడమ నన్ను వదిలిపెట్టలేదు.

రెండో ఆర్డరు ఒక ఎండకాసే పొద్దున వచ్చింది. ఈసారి జాతకాలు చెప్పే సైటు. తులసి ముందు ఆ ఆవరణలో ఇంకా ఎవరెవరున్నారో అందరినీ వెతికి వరుసగా ఫోన్లు మొదలుపెట్టింది. కొందరు ఎత్తలేదు. ఒకామె మోసం చేసే ఫోనని తిట్టింది. చివరికి జాతకాల ఆయన దొరికాడు.

"నమస్కారమండి. ఈ మధ్యాహ్నం మీ సైటుకి ప్రమాదం ఉందండి."

"ఎవరు చెప్పారు?"

"నేనే చెబుతున్నానండి. విశ్వవిద్యాలయం నుంచి."

"జ్యోతిష శాఖా?"

"కంప్యూటర్ శాఖండి."

"నా గ్రహస్థితి నాకు తెలుసమ్మా. ఈ నెలంతా బాగుంది." అయినా ఏమనుకున్నాడో, "సరే, మావాళ్లకి చెప్తాలే," అన్నాడు. సైటు చూసుకునేవాళ్లు అడ్డుకట్ట వేసుకున్నారు. మధ్యాహ్నం ముఠా అంతా వెళ్లి తలుపు తట్టింది. తలుపు కదిలింది గానీ పడలేదు.

వాచస్పతి గారు అనుకున్నట్టే అయింది. దెబ్బ ఎందుకు తప్పిందో మేస్త్రీ ఆరా తీశాడు. ముఠాలో ప్రతి ఒక్కరినీ, తానే పెట్టిన ఒక ఖాళీ సైటు తలుపు తట్టి చూపించమన్నాడు. తట్టకూడదు కాబట్టి నేను తట్టలేదు. సాయంత్రానికి నాకు పిలుపులు ఆగిపోయాయి. ఉన్నాను అని కబురు పంపితే తీసుకునేవాడు లేడు.

గైడ్ వచ్చి తులసి పక్కన కుర్చీలో కూలబడ్డారు. వెలుగు తగ్గిపోతున్న గదిలో ఇద్దరూ కదలని గీతను చూస్తూ ఉండిపోయారు.

"పోయింది," అన్నారాయన.

"పోయింది సార్."

తర్వాత ఆయన తులసి వైపు తిరిగి, "ఆ జాతకాలాయన థాంక్స్ చెప్పాడా?" అన్నారు.

"లేదు సార్. నా పుట్టిన తేదీ అడిగారు."

ఆయనకు నవ్వొచ్చింది. నవ్వుతూనే కళ్లజోడు తీసి తుడుచుకున్నారు. ఆ తడి నవ్వు వల్ల వచ్చిందా, ఇంకెందుకైనా వచ్చిందా, నాకు తెలియదు. మేస్త్రీ దొరకలేదు. ముఠా ఇంకో పేరుతో ఇంకెక్కడో తిరుగుతోంది. అది కొడుతున్నప్పుడు దాని లోపల మావాళ్లు ఎవరూ లేరు. వాచస్పతి గారు చెప్పిన ఆ మాట కూడా నిజమైంది, దాన్ని కాదనలేం.

తులసి థీసిస్ దిశ మార్చింది. ముఠాల గురించి కాక, వాటిని చూసేవాళ్లు ఏం చేయవచ్చు, ఏం చేయకూడదు అని రాయడం మొదలుపెట్టింది. గడువు దాటింది. ఒక ప్రైవేటు కాలేజీలో పాఠాలు చెప్పుకుంటూ రాసింది.

డిస్కును ధ్వంసం చేసే రోజున నన్ను ఇంజనీరింగ్ వర్క్‌షాప్‌కు మోశారు. తులసి డ్రిల్ మిషన్ పట్టుకుంది. డిస్కు బల్ల మీద జారిపోతుంటే, వాచస్పతి గారు ముందుకొచ్చి డిస్కును కదలకుండా రెండు చేతులా అదిమిపట్టారు. ఆయనకు అది ఇష్టం లేదు. ఆ జబ్బు నమూనా దాచుకుంటే ముందుముందు పనికొస్తుందని చివరిదాకా అన్నారు. అయినా పట్టుకున్నారు. రంధ్రం పడింది. రజను రాలింది. నా జ్ఞాపకమంతా డిస్కులోని ఆ గుండ్రటి పళ్లెంలోనే ఉందని వాళ్లు అనుకున్నారు.

తర్వాత వర్క్‌షాప్ మెట్ల మీద కూర్చుని టీ తాగారు. నేను పక్కనే ఉన్నాను.

"ఆఖరి అధ్యాయంలో ఆ అమ్మాయి గురించి రాస్తావు కదా," అన్నారాయన. "అది లేకపోతే చదివేవాడికి నీ బాధ అర్థం కాదు."

"రాయను సార్. ఆవిణ్ణి అడగలేదు కదా."

"అడగొచ్చు."

"అడగాలంటే ముందు జరిగింది చెప్పాలి. చెబితే ఏమవుతుందో సుహాసిని గారు చెప్పారు." తులసి గ్లాసు కింద పెట్టింది. "అడక్కుండా ఒకసారి ఆవిడ జీవితంలోకి వెళ్లాం సార్. రెండోసారి వెళ్లను."

టీ గ్లాసులు రెండూ ఆయనే తీసుకెళ్లి ఇచ్చి వచ్చారు.

థీసిస్‌కు డాక్టరేట్ వచ్చింది. అట్ట కట్టిన ఆ పుస్తకం లైబ్రరీలో ఉంది. అందులో ముఠా ఉంది, చెంచా ఉంది, పేకాట సైటు ఉంది, నేను కూడా ఒక పేరాలో ఉన్నాను. ఆ అమ్మాయి మాత్రం ఎక్కడా లేదు. ఆ పుస్తకం ఎందుకు పుట్టిందో అందులో వెతికితే దొరకదు.

నేనిప్పుడు స్టోర్ గదిలో, విరిగిన కుర్చీల మధ్య, పాత ప్రింటర్ల మీద ఉన్నాను. కరెంటు లేదు, ఫ్యాను తిరగదు. అయినా కుదురు లేదు. తులసి రాయనిది నేను మీకు చెప్పేశాను. చెప్పవచ్చో లేదో ఇప్పటికీ తేల్చుకోలేకుండా ఉన్నాను. ఒక్క జాగ్రత్త మాత్రం తీసుకున్నాను. ఇంతసేపూ సీతాలు అన్నానే, అది ఆమె పేరు కాదు. ఆ ఊరు కూడా ఆమె ఊరు కాదు.